కుక్క వచ్చాక సంతోషం పెరిగిందా? కొలవడంలో సాయం కావాలి

విశాఖలో కుక్కనో పిల్లినో త్వరలో తెచ్చుకోబోయేవాళ్లు ఉన్నారా? పెంచేవాళ్లనీ పెంచనివాళ్లనీ ఊరికే పోలిస్తే లెక్క తప్పుతుంది. సొంతిల్లూ తీరికా ఉన్నవాళ్లకి పెంచడం తేలిక, వాళ్ల సంతోషమంతా కుక్క ఖాతాలో పడిపోతుంది. అందుకే తెచ్చే ముందొకసారి, 6 నెలలకి మరోసారి అడగాలి. మనసు ఎంత హాయిగా ఉందో అడిగే ప్రపంచ ఆరోగ్య సంస్థవారి 5 ప్రశ్నలు చాలు: గడిచిన 2 వారాల మీద ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి లెక్క. తెల్లారకుండానే తలుపు గీరి బీచ్ రోడ్డుకి లాక్కెళ్లే కుక్కైతే, నడకతో వచ్చిన హుషారేదో తెలియడానికి నడిచిన నిమిషాలు విడిగా రాయాలి.

చిక్కల్లా ఇక్కడే: మే ఉక్కలో మొదలుపెడితే నవంబరు చల్లగాలికే మార్కులు పెరగొచ్చు. ఇంటి ఓనరు ఒప్పుకోక ఆగిపోయినవాళ్లని పోలికకి తీసుకోవచ్చా, లేక ఆ నిరాశే వాళ్ల మార్కులు తగ్గించేస్తుందా? ఇలాంటి సర్వేలు చేసినవాళ్లు దయచేసి చెప్పండి.