ఎల్‌ఎన్‌జీ ప్లాంటుకు క్యాస్కేడా, మిశ్రమ రిఫ్రిజిరెంటా? ఎలా పోల్చాలి?

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం సహజవాయువును మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా (ఎల్‌ఎన్‌జీగా) మార్చే పద్ధతులను పోలుస్తున్నాను. ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో ముందు ప్రొపేన్‌తో, తర్వాత మిశ్రమ రిఫ్రిజిరెంట్‌తో (ఈథేన్, ప్రొపేన్ లాంటివి కలిపి తయారుచేసిన శీతలీకరణ ద్రవ్యం) చల్లబరుస్తారు. పెద్ద ట్రెయిన్లలో (అంటే గ్యాస్‌ను ద్రవంగా మార్చే యూనిట్లలో) చివర నైట్రోజన్ సైకిల్ కూడా ఉంటుంది. ఒక్కోదాని సామర్థ్యం ఏడాదికి 78 లక్షల టన్నులు! ఆస్ట్రేలియాలోని కర్టిస్ ఐలాండ్‌లో మాత్రం మూడు ప్లాంట్లూ ప్రొపేన్, ఇథిలీన్, మీథేన్ వరసగా వాడే క్యాస్కేడ్‌నే ఎంచుకున్నాయి. అక్కడి బొగ్గుపొరల గ్యాస్ దాదాపు అంతా మీథేనే. మిశ్రమానికి కావలసిన ఈథేన్, ప్రొపేన్ అందులోంచి రావు. కారణం అదొక్కటేనా, లేక ఒక కంప్రెసర్ ఆగినా ప్లాంటు తక్కువ లోడుతో నడుస్తుందనా?

అసలు టెన్షన్ లెక్కలతోనే. టన్నుకు ఎంత కరెంటు అని చూస్తే, ఒక్కో పేపర్ ఒక్కో గ్యాస్ పీడనం, ఒక్కో గాలి ఉష్ణోగ్రత తీసుకుంటోంది. వీటిని ఒకే ప్రాతిపదికకు ఎలా తేవాలి? ప్లాంటులో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.