మొదటిసారి బ్రిస్కెట్‌కు పొగ పెట్టాను: పలుచని వైపు గట్టిపడింది, లోపం ఎక్కడ?

ప్రశ్న:
మొన్న ఆదివారం దాదాపు ఐదు కిలోల గొడ్డు రొమ్ముమాంసాన్ని, అంటే బ్రిస్కెట్‌ను, కోయకుండా పూర్తి ముక్కగానే స్మోకర్‌లో, అంటే పొగతో వండే పొయ్యిలో, పెట్టాను. పైకొవ్వును అర సెంటీమీటరు మందానికి చెక్కి, ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు మాత్రమే పట్టించి, తెల్లవారుజామున నాలుగింటికి 110 డిగ్రీల సెల్సియస్ సెగ మీద మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి లోపలి వేడి 68 డిగ్రీలకు చేరి, ఆ తరువాత మూడు గంటలపాటు అక్కడే ఆగిపోయింది. థర్మామీటరు చెడిందేమోనని మరొకటి గుచ్చి చూస్తే అదీ 68 అనే చూపింది. చుట్టాలు వచ్చే వేళ కావడంతో బొగ్గులు ఎగదోసి సెగను 160 దాకా పెంచాను. 95 డిగ్రీలు కనబడగానే దించి, పది నిమిషాల్లో కోసేశాను. కొవ్వు పట్టిన మందపు వైపు మెత్తగా ఉంది కానీ, పలుచని వైపు నమలలేకపోయాం. ఎక్కువ ఉడికి ఎండిపోయిందని అనుకుంటున్నాను. నిజమేనా?

మొదటి జవాబు:
మీ థర్మామీటర్లలో తప్పేమీ లేదండీ. చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే చల్లబడినట్టే, మాంసం పైకి ఊరిన తేమ ఆవిరవుతూ లోపలికి రావలసిన వేడిని తానే తీసుకుపోతుంది కనుక, 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఇలా గంటల తరబడి నిలిచిపోవడం మామూలే. ఆ దశలో సెగ పెంచే బదులు, పైన నల్లని పెచ్చు బాగా కట్టిన తరువాత, మైనపు పూత లేని మందపాటి కాగితంలోనో అల్యూమినియం ఫాయిల్‌లోనో బిగించి చుట్టండి. ఫాయిల్ అయితే త్వరగా ముందుకు సాగుతుంది, కానీ పెచ్చు మెత్తబడుతుంది. నేను కాగితమే వాడతాను.

రెండవ జవాబు:
ఎక్కువ ఉడికిందన్న నిర్ణయానికి అప్పుడే రాకండి. బ్రిస్కెట్‌లో ఉన్నవి రెండు వేరు వేరు కండలు. కొవ్వు తక్కువగా ఉండే పలుచని కండలోని కొల్లాజెన్, అంటే పీచును పట్టి ఉంచే గట్టి పదార్థం, కరిగి జిగురుగా మారడానికి వేడి ఒక్కటే చాలదు, సమయం కూడా కావాలి. సెగ పెంచి తొందరపెడితే అంకె 95కు చేరుతుంది కానీ ఆ కరగడం పూర్తి కాదు. మిగిలిన ముక్క ఉంటే పెన్సిల్ మందాన ఒక పలక కోసి రెండు చేతులతో మెల్లగా లాగి చూడండి. పొడిపొడిగా రాలితే ఎక్కువ ఉడికినట్టు, రబ్బరులా సాగి తెగకపోతే ఉడకనట్టు.

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసి, కాస్త వెచ్చచేసి లాగి చూశాను. తెగలేదు, గట్టిగా గుంజవలసి వచ్చింది. ఇంకో సంగతి కూడా కనబడింది: పలకలో పీచు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పొడవుగా సాగి ఉంది.

మూడవ జవాబు:
అయితే తప్పులు రెండు. ఉడకకముందే దించారు, పైగా పీచు వెంబడి కోశారు. రెండు కండల పీచూ ఒకే దిక్కున ఉండదు కనుక, పచ్చిగా ఉన్నప్పుడే పలుచని కండ మూలన పీచుకు అడ్డంగా చిన్న గాటు పెట్టుకోండి. ఉడికి నల్లబడ్డాక దిక్కు తెలియదు. మందపు వైపుకు వచ్చేసరికి ముక్కను తిప్పి కోయాలి.

దించే విషయంలో 95ను గీటురాయిగా తీసుకోవద్దు. 90 దాటినప్పటి నుంచి పలుచని కండలో చువ్వ గుచ్చి చూస్తూ, అది అడ్డు లేకుండా దిగినప్పుడే దించండి. ఆ తరువాత తువ్వాళ్లలో చుట్టి, వేడిని బయటికి పోనివ్వని ఖాళీ ఐస్‌పెట్టెలో కనీసం గంట, వీలైతే రెండు మూడు గంటలు ఉంచండి. లోపలి వేడి 60 డిగ్రీలకు తగ్గకుండా మాత్రం చూసుకోవాలి. ఇలా దాచే వీలుంది కనుకనే నేను చుట్టాల వేళకు నాలుగు గంటల ముందే పని ముగిసేలా, రాత్రి పదింటికే నిప్పు రాజేస్తాను. కాగితం మాత్రం చుట్టను, ఆ పెచ్చు కోసమే నాకు ఈ జాగారమంతా.

ప్రశ్న వేసినవారు:
గాటు సంగతి తెలిసి ఉంటే బాగుండేది. మిగిలిన ముక్కను ఫాయిల్‌లో చుట్టి, రెండు చెంచాల నీళ్లు చల్లి, 120 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. చువ్వ దిగాక చెబుతాను.