ఇంజిన్ ఆగి కొట్టుకుపోతే అది కూడా చొరబాటేనా?

జాలారిపేట అమ్మాయి:
మాది విశాఖ పెద జాలారిపేట. మా మామయ్య ఫిషింగ్ హార్బర్‌లో బోటు సరంగు, అంటే బోటు నడిపేవాడు. పోయిన మార్చిలో పారాదీప్ దాటి బెంగాల్ వైపు వేటకి వెళ్తే ఇంజిన్ ఆగిపోయింది. ఆ నెలల్లో నీరు ఈశాన్యానికి లాగుతుంది. మూడు రాత్రులు అలాగే కొట్టుకుపోయారు. నాలుగో రోజు బంగ్లాదేశ్ వైపు గస్తీ పడవ పట్టుకుంది. ఏడుగురూ నాలుగు నెలలు జైల్లో ఉన్నారు. అన్నాళ్లూ అత్త పొద్దున్నే జెట్టీకి వెళ్లి, వచ్చిన ప్రతి బోటు వాళ్లనీ అడిగేది. మనుషులు వచ్చారు, బోటు రాలేదు. ఆ నీళ్లు ఎవరివో రెండు దేశాలూ ఇంకా తేల్చుకోలేదా? తేలకపోతే మా వాళ్ల తప్పేంటి?

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
తేలిందమ్మా, 2014 జులై 7న. బంగ్లాదేశ్ 2009లో సముద్ర చట్టం ఒప్పందం కింద కేసు వేసింది. ఐదుగురు మధ్యవర్తులు విన్నారు. వాళ్లలో ఒకరైన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు కొన్ని విషయాల్లో మిగతా నలుగురితో విభేదించారు. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి వెళ్లాయి. తీర్పుని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి.

దానికి ముందు ఎంత గొడవో! 1970 తుఫాను తర్వాత రెండు దేశాల సరిహద్దులోని హరియాభంగా నది ముఖద్వారం దగ్గర ఒక ఇసుక దిబ్బ తేలింది. మనం న్యూమూర్ అన్నాం, వాళ్లు దక్షిణ తల్పట్టి అన్నారు. మనిషన్నవాడు ఉండని ఆ దిబ్బ కోసం 1981లో నౌకలు వెళ్లాయి. 2010 నాటికి సముద్రమే దాన్ని మింగేసింది. సముద్రంలో హద్దు గీత గురించి ఇంత పట్టించుకున్నవాళ్లు, గీత దాటి కొట్టుకుపోయినవాడి సంగతి ముందే రాసుకోలేదు. నా బాధ అదే.

లా స్టూడెంట్, మద్దిలపాలెం:
మాస్టారూ, కొంత రాసే ఉంది. అదే ఒప్పందంలో 73వ అధికరణం చూడండి. తీరానికి 12 నాటికల్ మైళ్ల అవతల, 200 మైళ్ల లోపు చేపల వేట కేసులో పట్టుకుంటే, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు జైలు శిక్ష వేయకూడదు. తగిన పూచీకత్తు కడితే బోటునీ మనుషుల్నీ వెంటనే వదలాలి. 12 మైళ్ల లోపలైతే ఈ రక్షణ లేదు. అక్కా, ఎక్కడ పట్టుకున్నారో కాగితం ఏదైనా ఉందా?

సోంపేట నుంచి:
మా వైపు వాళ్లు గుజరాత్ వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కారు. 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర బయటపడ్డారు. అక్కడైతే గీత నిజంగానే తేలలేదు. గుజరాత్‌కీ పాకిస్తాన్ సింధ్‌కీ మధ్య ఉన్న 96 కిలోమీటర్ల ఉప్పునీటి పాయ సర్ క్రీక్‌లో వాళ్లు తూర్పు గట్టు హద్దంటారు, మనం నడి పాయ అంటాం. 1914 నాటి బొంబాయి ప్రభుత్వ కాగితాల మీదే ఇంకా వాదన. చెల్లీ, బోటు రిజిస్ట్రేషన్, అందరి కార్డుల జిరాక్సులు ఇంట్లో ఉంచండి. ఫోన్ అందని రోజే మత్స్యశాఖలో రాసివ్వండి. మా వాళ్లు వారం ఆగి చాలా నష్టపోయారు.

జాలారిపేట అమ్మాయి:
కాగితం ఉంది. అత్త ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బా వెనక దాచింది. అంతా బెంగాలీలో ఉంది, అంకెలు కూడా. ఒడ్డు కనపడలేదని మామయ్య గట్టిగా చెప్తున్నాడు. రేపు పేర్లు కప్పేసి ఫొటో పెడతా. బెంగాలీ వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ అంకెలు చదివి పెట్టండి.