శుక్లం ముదిరేదాకా ఆగాలా, ఇప్పుడే తీయించేయాలా?

రావులపాలెం రాంబాబు: నాన్నగారికి 74 ఏళ్లు, రెండు కళ్లలోనూ శుక్లాలు. డాక్టరు గారు తీయించేయమన్నారు. ఆయనేమో ముదరాలంటూ వాయిదా వేస్తున్నారు. చీకటి పడ్డాక కూడా కాలవగట్టు మీద మోపెడ్ నడుపుతున్నారు. ఎదురు లైటు పడితే ఏమీ కనపడదని ఆయనే అంటారు. నేనుండేది విశాఖలో, ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

పాలకొల్లు పెద్దాయన: మీ నాన్నగారి మాటే నిజం. మా అమ్మ పూర్తిగా ముదిరాకే తీయించుకుంది, పోయేదాకా శుభ్రంగా చూసింది. మా తమ్ముడు తొందరపడ్డాడు. వారం తిరక్కుండా చీము పట్టి కన్ను పోయింది.

కోనసీమ సుజాత: బాబాయి గారూ, అది పాతకాలం మాట. అప్పట్లో శుక్లం తీసి లోపల లెన్స్ పెట్టేవారు కాదు, సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. అందుకే బొత్తిగా కనపడనంతవరకు ఆగమనేవారు. ఇప్పుడు రెండు మూడు మిల్లీమీటర్ల కోతలోంచి అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి లాగేసి లెన్స్ పెడతారు. బాగా ముదిరితే గట్టిపడి ఆ పని కష్టమవుతుంది. మరీ వదిలేస్తే కంట్లో ప్రెషర్ పెరిగి నరం దెబ్బతినొచ్చు.

పాలకొల్లు పెద్దాయన: మా తమ్ముడి కన్ను ఎందుకు పోయిందో అది చెప్పు ముందు.

కోనసీమ సుజాత: ఇన్ఫెక్షన్ అయ్యుంటుంది. చాలా అరుదు. ముదిరాక చేసినా రావచ్చు. ఆయనకి షుగర్ ఉందా?

పాలకొల్లు పెద్దాయన: షుగర్ సంగతి ఎవరడిగారు? ముదరకుండా చేశారు, పోయింది.

భీమవరం చెరువుగట్టు: కళ్లమీద నందివర్ధనం పూలు పెట్టుకుని పొన్నగంటి కూర తింటే శుక్లం కరుగుతుందంటారు?

కోనసీమ సుజాత: కూర తినండి, మంచిదే. శుక్లం మాత్రం దేనికీ కరగదు. పసర్లు, తేనె కంట్లో పోయకండి, నల్లగుడ్డు మీద పుండు పడుతుంది.

పాలకొల్లు పెద్దాయన: పెద్దలు చెప్పిందంతా తప్పేనన్నమాట!

కోనసీమ సుజాత: మా అత్తగారూ ఇలాగే ముదరాలని కూర్చున్నారు. చూపు తగ్గుతుంటే శుక్లమే అనుకున్నాం. తీరా చూస్తే నీటికాసులు, అదే గ్లకోమా, కంటి నరం దెబ్బతినే జబ్బు. శుక్లం తీస్తే చూపొస్తుంది, నీటికాసులతో పోయింది మళ్లీ రాదు. మీ మొండితనం ఇంకొకరికి అంటించకండి.

పాలకొల్లు పెద్దాయన: మొండితనమా? నాకూ రెండు కళ్లలో శుక్లాలున్నాయి తల్లీ. ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి చుక్కలు వేయాలి. తలమీద నీళ్లు పోసుకోవద్దు, బరువులెత్తొద్దు అంటారు. కొడుకు హైదరాబాదు, కూతురు అమెరికా. నాకెవరు వేస్తారు? తమ్ముడూ ఒంటరివాడే, కనపడని కంట్లో తన చుక్కలు తనే వేసుకున్నాడు. నువ్వు మిల్లీమీటర్లు చెప్తున్నావు, పక్కన మనిషి సంగతి చెప్పవు.

కోనసీమ సుజాత: అయితే అబ్బాయిని సెలవు పెట్టి రమ్మనండి. అడగకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

పాలకొల్లు పెద్దాయన: కన్నవాళ్లు నోరు తెరిచి అడగాలా?

కోనసీమ సుజాత: అడగాలి. కన్ను పోయాక అందరం అదే అనుకుంటాం, ముందే అడగాల్సిందని.

రావులపాలెం రాంబాబు: ఇది చదివి నాన్నగారికి ఫోన్ చేశాను. దాళ్వా నూర్పిళ్లయ్యాక సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటాను, చుక్కలు నేనే వేస్తానన్నాను. ముదరడం ఊసే ఎత్తలేదు. ముందు ఏ కంటికి చేస్తారని అడిగారు.

కోనసీమ సుజాత: మామూలుగా ఎక్కువ మసకబారిన కంటికి ముందు చేస్తారు. నూర్పిళ్ల ధూళి తగ్గేదాకా ఆగండి గానీ, కంటి ప్రెషర్, రెటీనా పరీక్షలు ఈ వారమే చేయించండి. కనుపాప పెద్దదయ్యే చుక్కలేస్తే కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, ఆ రోజు బండి ఇంకెవరైనా నడపాలి. రాత్రి మోపెడ్ మాత్రం ఇవాళే మాన్పించండి.

పాలకొల్లు పెద్దాయన: రాంబాబూ, నువ్వు అడిగించుకోకుండా వస్తానన్నావు. నేను చెప్పేదీ అదే. మావాణ్ని మాత్రం నేనడగను.