‘లేనివార్తను పుట్టింపకూడదు’: పుట్టించినవాడికేనా, పంపినవాడికి కూడానా?

పోస్టు (ఒంగోలు నుంచి):

బైబిల్లో నిర్గమకాండం 23వ అధ్యాయం మొదలయ్యేదే ఈ మాటతో: “లేనివార్తను పుట్టింపకూడదు.” నా సందేహం ఆ క్రియ గురించి. సండే స్కూల్లో పెద్ద పిల్లలకు ఈ వచనం చెప్తుంటే ఇంటర్ చదివే కుర్రాడొకడు, “ఆంటీ, పుట్టించొద్దన్నారు గానీ ఫార్వర్డ్ చేయొద్దనలేదు కదా” అన్నాడు. వాడు తమాషాకే అన్నాడు. కానీ మా సంఘంలో పెద్దవాళ్లు నిజంగా చెప్పే జవాబు కూడా అదే. “నేను రాయలేదమ్మా, వచ్చింది పంపానంతే.”

ఆ మధ్య మా గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. గుండ్లకమ్మ ఏట్లో క్లౌ దొరగారు (అప్పట్లో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ) ఒక్కరోజే, ఒక్కరే, పదివేల మందికి బాప్తిస్మం ఇచ్చారట. ఆ చోటు మాకు కొత్త కాదు, మద్దిపాడు మండలం వెల్లంపల్లి. తేదీ 1878 జూలై 3. బాప్తిస్మం పొందినవాళ్లు 2,222 మంది. ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలసినప్పుడల్లా మారుతూ. అంతకుముందు కరువు కాలంలో క్లౌ బాప్తిస్మాలే ఆపేశారు. కూటికోసం చేరారన్న మాట రాకూడదని. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి పని చూపించారు, బాప్తిస్మం మాత్రం ఆగమన్నారు. మాట పడకూడదని అంత జాగ్రత్తపడ్డ మనిషి గురించి మనమే లెక్క నాలుగింతలు చేసి పంపుకుంటున్నాం. 2,222 ఏం తక్కువని?

సరే, అసలు విషయం. మూలంలో ఏ క్రియ ఉంది? ‘పుట్టించు’ దానికి సరిపోతుందా? మతం మీద వాదన వద్దు, మాట మీద చెప్పండి.

కావలి నుంచి ఒక పాస్టరు గారు:

వందనాలు సిస్టర్. హీబ్రూలో అక్కడున్న క్రియ ‘నాసా’. ఎత్తడం, మోయడం అని అర్థం. ‘లేవనెత్తు’ అని తీసుకుంటే మన ‘పుట్టించు’ దగ్గరకు వస్తుంది. ‘ఎత్తుకుని మోయు’ అని తీసుకుంటే విన్నదాన్ని ఒప్పుకోవడం, ఇంకొకరి దగ్గరకు చేర్చడం కూడా అందులోకి వచ్చేస్తాయి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలువాళ్లకూ ఈ తకరారు వచ్చింది. లోపల ‘లేవనెత్తు’ అని పెట్టి, పక్క అంచులో ‘స్వీకరించు’ అని రెండో అర్థం అచ్చు వేశారు. మీ కుర్రాడికి అంచు చూపించండి.

ఇంకో సంగతి. పది ఆజ్ఞల్లో “నీ దేవుడైన యెహోవా నామమును వ్యర్థముగా నుచ్చరింపకూడదు” అని ఉంది చూడండి (20:7), అక్కడా క్రియ ఇదే. ‘వ్యర్థము’ అన్నచోట ఉన్న ‘షావ్’ అనే మాటే ఇక్కడ ‘లేని’ అయింది. ఆ పేరును వట్టిగా ఎత్తుకోకు, వట్టి వార్తను ఎత్తుకోకు. రెండూ జంటగా వినిపించాల్సినవి. తెలుగులో ఒకచోట ‘ఉచ్చరించు’, ఒకచోట ‘పుట్టించు’ అనేసరికి ఆ చుట్టరికం తెగిపోయింది. “దేవుని పేరిట ఇది పదిమందికి పంపండి, పంపకపోతే నష్టపోతారు” అనే మెసేజ్‌లు రెండు ఆజ్ఞలనూ ఒకే దెబ్బకు మీరుతున్నాయని నేను మా సంఘంలో చెప్తుంటాను. వినేవాళ్లు వింటారు.

చీరాల నుంచి:

పాస్టరు గారూ, ఆ క్రియ ‘నాసా’ కావడం భలే కుదిరిందండీ. యెహోషువ రోజుల్లో సూర్యుడు ఆగిన ఆ ‘తప్పిపోయిన రోజు’ నాసా కంప్యూటర్లో దొరికిందని మా నాన్నగారు చెప్పేవారు. వాట్సాప్ వల్ల జనం చెడిపోయారంటారు గానీ ఆ కథ 1970ల నుంచీ తిరుగుతూనే ఉంది. అలాంటి లెక్కేదీ మేం చెయ్యలేదని నాసావాళ్లే చెప్పినా అది ఆగలేదు. అది నిజమైతేనే యెహోషువ గ్రంథం నిలబడుతుందన్నట్టు ఎందుకా ఆత్రం?

నెల్లూరు నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

క్రైస్తవేతరుణ్ణి, పద్యాలు చెప్పుకుని బతికినవాణ్ణి. మొదట ‘లేనివార్త’కు దణ్ణం పెట్టాలి. ‘అబద్ధవార్త’ అని ఉంటే సగం పోయేది. ‘లేనిపోనివి కల్పించాడు’ అంటామే, ఆ ‘లేని’ ఇది. ఇప్పుడు పత్రికలు ‘నకిలీ వార్త’, ‘తప్పుడు వార్త’, ‘ఫేక్ న్యూస్’ అని మూడు తంటాలు పడుతున్నాయి. నకిలీ అంటే అసలు ఒకటి ఉండాలి. ఇక్కడ అసలే లేదు.

పాస్టరు గారు చెప్పిన ‘మోయడం’ మనకేమీ పరాయిది కాదు. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ మోసేవాణ్ణి చూపించి “వాడి దగ్గర జాగ్రత్త, మాటలు మోస్తాడు” అంటాం. అందుకే ‘పుట్టించు’ చాలలేదేమో అనిపిస్తుంది నాకు. కాకపోతే ఆ తెలుగు చేసినవాళ్లు మోసేవాణ్ణి వదిలిపెట్టలేదండోయ్. లేవీయకాండం 19:16 తీయండి: “కొండెములాడుచు ఇంటింటికి తిరుగకూడదు.” కొండెం, అంటే చాడీ, పుట్టించేవాడి పని కాదు, తిరిగేవాడి పని. ఇంటింటికి అన్నచోట గ్రూపు గ్రూపుకు అని చదువుకోమనండి ఆ కుర్రాణ్ణి.

‘వినదగు నెవ్వరు చెప్పిన’ పద్యం అందరికీ వచ్చు కాబట్టి రాయను. ఒక్క ముక్క చెప్తాను. అందులో ‘వివరింపదగున్’ అంటే ఇప్పటి అర్థంలో ఎదుటివాడికి వివరించమని కాదు, మంచిచెడ్డలు విడదీసి చూసుకోమని. బళ్లో పిల్లలు ‘విన్నది వివరంగా చెప్పాలి’ అని రాసేవాళ్లు. పాపం, వాట్సాప్ రాకముందే.

నెల్లూరు నుంచి ఒక అడ్వకేటు:

మాస్టారూ నమస్కారం. చట్టం ఈ చిక్కు ఎప్పుడో విప్పుకుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 505. జనంలో భయం, వైరం రేపే పుకారును తయారుచేసినా, ప్రచురించినా, తిప్పినా అని మూడు క్రియలు వరసగా ఉంటాయి. “నేను పంపానంతే” అన్నవాడు మూడో క్రియ కింద నిలబడతాడు. నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, చెడు ఉద్దేశం లేకుండా పంపితే మినహాయింపు ఉంది. మరి ఏం చూసి నమ్మావు అంటే చాలామంది దగ్గర జవాబుండదు.

ఆ నిర్గమకాండం 23వ అధ్యాయంలోనే ‘వ్యాజ్యెము’ అని కనిపిస్తుంది. మా కోర్టు మాటల్లో దాని చోటు ‘దావా’ ఆక్రమించింది. ‘ప్రజాప్రయోజన వ్యాజ్యం’ అని పేపర్లు రాస్తాయి కాబట్టి బతికింది. అక్కడ రెండో వచనం జనంతో కలిసిపోయి సాక్ష్యం చెప్పొద్దంటుంది, మూడోది బీదవాడని కూడా పక్షపాతం చూపొద్దంటుంది. మా వృత్తిలో చూస్తున్నా, రెండోదాని కన్నా మూడోదే కష్టం. మనవాళ్లని, బలహీనులని తెలిశాక విచారణ ఎవరికి కావాలి?

కందుకూరు నుంచి ఒక అమ్మ:

అందరూ చదువుకున్నోళ్లు. నేను ప్రార్థన కోసం వచ్చినవి పంపుతాను, దాచను. 2008లో ఒడిశా కంధమాల్లో మనవాళ్ల ఇళ్లు కాలిస్తే ఎంతమంది నమ్మారు? ముందు రుజువు తెమ్మంటే, అడవుల్లో దాక్కున్నవాళ్లు రుజువెట్టా తెస్తారు? మీరు చెప్పే పద్ధతిలో నిజమైన ఏడుపు కూడా గుమ్మం బయటే ఆగిపోద్ది.

పోస్టు పెట్టినవారు:

అమ్మా, వందనాలు. మీ మాట కొట్టెయ్యలేను. కంధమాల్ జరిగింది, దానికి కమిషన్లు, కోర్టు కేసులు, రికార్డు ఉన్నాయి. నన్ను బాధపెట్టేది దాని పక్కనే తిరిగే ఇంకో మెసేజ్. ఇండియాలో ‘ఒలిసబాంగ్’ అనే రాష్ట్రంలో బౌద్ధులు ఒక్క రాత్రిలో ఇరవై చర్చిలు తగలబెట్టారు, ఈ రాత్రి రెండొందలు తగలబెడతారు, ప్రార్థించండి అని. ఆ ‘ఈ రాత్రి’ ఏళ్ల తరబడి తెల్లారలేదు. ఒలిసబాంగ్ అనే రాష్ట్రం మన దేశంలో ఎక్కడుందమ్మా? బయటిదేశం వాళ్లు నమ్మారంటే సరే, ఒంగోల్లో కూర్చుని మనం కూడా పంపితే, రేపు కంధమాల్ అన్నప్పుడు ఇదీ అలాంటిదేలే అంటారు. చేయని పని బౌద్ధుల మీద వేశామన్నది వేరే తప్పు. మన మీద ఎవరన్నా అలా వేస్తే ఊరుకుంటామా?

ప్రార్థన చేయడానికి ఫార్వర్డ్ బటన్ అక్కర్లేదు. పంపే ముందు ఊరి పేరు, తేదీ చూద్దాం, అంతే నేను అడిగేది.

కందుకూరు అమ్మ:

ఊరి పేరు చూస్తాను. కానీ పంపడం మానను.

ఒంగోలు నుంచి ఒక కుర్రాడు (ఆ ఇంటర్ కుర్రాణ్ణి కాదు, వాడి సీనియర్ని):

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారినట్టు. 2018లో పుకార్ల వల్ల మనుషుల్ని కొట్టి చంపిన తర్వాత మన దేశంలో ఒకేసారి అయిదు చాట్లకే పంపేలా కట్టడి పెట్టారు. 2020లో, రెండు బాణాలవి ఒక్కసారికి ఒక్క చాటుకే అన్నారు. ఇప్పుడు టెన్షన్ వేరే, ఏఐ వీడియోలు. పేరున్న బోధకుడి ముఖం, గొంతు, ఆయన ఎప్పుడూ అనని మాట. మాస్టారు చెప్పిన ‘లేని’ దీనికి అతికినట్టు సరిపోతుంది సార్. కానీ దీన్ని ‘వార్త’ అనాలా? మనిషే ఎదురుగా మాట్లాడుతుంటే సాక్ష్యం అనుకుంటాం కదా.

మాస్టారు:

బాగా పట్టావు నాయనా. అదే వచనం రెండో సగంలో ‘అన్యాయపు సాక్ష్యము’ అని వేరే ఉంది, నీ వీడియోను అందులో వెయ్యి. పాస్టరు గారూ, ‘పుట్టింపకూడదు’ బదులు ‘మోయకూడదు’ అంటే మీవాళ్లు ఒప్పుకుంటారా?

పాస్టరు గారు:

కంఠతా పట్టిన వచనంలో ఒక్క అక్షరం కదిపినా మా పెద్దలు లేచి నిలబడతారు మాస్టారూ. దాన్ని అలాగే ఉంచి, ప్రసంగంలో మోయడం గురించి చెప్పుకుంటాను. మీరు కొండెం ఎత్తారు గనక సామెతలు 26:22 కూడా చూడండి. కొండెగాని మాటలు రుచిగల పదార్థాల్లాంటివట, ‘లోకడుపులోనికి దిగిపోవును’ అట. ఈ ‘లోకడుపు’ బైబిల్లో తప్ప నేను ఎక్కడా వినలేదు. మీవైపు ఎవరన్నా అంటారా?

మాస్టారు:

‘లోచెయ్యి’, ‘లోగుట్టు’ విన్నాను గానీ ‘లోకడుపు’ నేనూ వినలేదు. ఉదయగిరి, వింజమూరు వైపువాళ్లు గ్రూపులో ఉన్నారు కదా, చెప్పండయ్యా.