హారర్ సినిమాలో తెల్లచీర, వాచ్‌మన్, చిల్లంగి ముసలమ్మ: ఉంచాలా, తీసేయాలా?

గంటస్తంభం:
విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ళు తీసే హారర్ షార్ట్ ఫిల్ముల్లో ఎప్పుడు చూసినా అదే జట్టు. దెయ్యాల్లేవని వాదించే ఇంజనీరు, నవ్వించడానికో స్నేహితుడు, "ఆ బంగళా వైపు ఎళ్ళకండి బావూ" అనే వాచ్‌మన్, తెల్లచీర, ఆఖర్లో మంత్రగాడు. ఊరి కథైతే చిల్లంగి, అంటే చేతబడి, పెట్టే ముసలమ్మ కూడా. 20 నిమిషాల సినిమాకి ఈ మూస పాత్రలు నిజంగా కావాలా? నా మాట తీసేయమనే. కాదనేవాళ్ళు కారణం చెప్పి కాదనండి.

నాగావళి ఒడ్డు:
అన్నీ తీసేస్తే సినిమా నిలబడదు మాస్టారూ. స్క్రిప్టులో ఒక పేజీ తెరమీద దాదాపు 1 నిమిషం. ఐదుగురిని కొత్తగా పరిచయం చేయాలంటే ఏడెనిమిది పేజీలు అక్కడే ఖర్చు. తెలిసిన పాత్రయితే ఒక్క షాట్‌లో అర్థమైపోతుంది, మిగతా నిడివంతా భయానికి దొరుకుతుంది.

నమ్మని ఇంజనీరునే తీసుకోండి. చూసేవాళ్ళ మనసులో ఉన్న ప్రశ్నలు అడగడానికే అతను ఉన్నాడు. అతను మూడుసార్లు కాదనాలి. తలుపు కొట్టుకుంటే గాలి అంటాడు, దీపం ఆరితే కరెంటు అంటాడు. మూడోసారి చెప్పిన కారణం అతనికే సరిపోకూడదు. నాలుగోసారి కూడా "అంతా భ్రమ" అన్నాడంటే చూసేవాళ్ళు అతన్ని వదిలేస్తారు. చాలా షార్ట్ ఫిల్ములు చెడేది ఇక్కడే, పాత్ర పాతదై కాదు.

1993లో వచ్చిన మలయాళం 'మణిచిత్రతాళు'లో డాక్టరు హీరోయిన్‌కున్నది మానసిక జబ్బని తేల్చుకున్నాక కూడా పూజను తోసిపుచ్చడు. ముగ్గు మధ్యలో, ఆమె చంపాలనుకునే మనిషి స్థానంలో బొమ్మను పెట్టించి, ఆ తంతునే వైద్యంగా వాడుకుంటాడు. పాత్ర మూసే, చేసిన పని కొత్తది.

పాలకొండ రోడ్డు:
తెల్లచీర గురించి చెప్తాను, అందరూ తప్పు చేసేది అక్కడే. చీకట్లో ఉన్న కాస్త వెలుతురునీ ఎక్కువగా తిప్పికొట్టేది తెలుపే, అందుకే ఆ రంగు పనికొస్తుంది. కానీ కొత్త తెల్లచీర కట్టించి ఎదురుగా ఎల్‌ఈడీ పెడితే చీర మొత్తం తెల్లటి మచ్చయిపోతుంది. మడతలు పోతాయి, మనిషి ఆకారం పోతుంది. ఎడిటింగులో ఎంత తగ్గించినా అక్కడ వివరం తిరిగి రాదు.

చీరని చిక్కటి టీ డికాక్షన్‌లో అరగంట నానబెట్టి, పిండి, నీడన ఆరేయండి. పాత గంజి రంగుకి తిరుగుతుంది. లైటు వెనకనుంచి గాని పక్కనుంచి గాని రావాలి, ముందునుంచి వద్దు. కెమెరాలో జీబ్రా (వెలుగు మరీ ఎక్కువైన చోట గీతలు చూపించే సదుపాయం) 95 దగ్గర పెట్టుకుని, చీర మీద గీతలు కనిపిస్తే ఎక్స్‌పోజర్ దించండి. మొదటిసారి దూరంగా, ఫ్రేము మూలన, కదలకుండా 5 సెకన్లు నిలబెట్టండి. కెమెరా ఆమె వైపు తిరగకూడదు. చూసినవాడు తన కళ్ళనే అనుమానించాలి.

మొహం మీదికి జుట్టు వేయడం మాత్రం మానేయండి. అది 1998 జపాన్ సినిమా 'రింగు' తర్వాత ప్రపంచమంతా పాకిన రూపం. మన ఊళ్ళలో చెప్పుకునేది వెనక్కి తిరిగిన పాదాలు, కొరివి పట్టుకుని పొలం గట్టు మీద నడిచే దెయ్యం. దూరంగా నడుస్తున్న ఒక్క మంటని చూపించడానికి మేకప్ ఖర్చు కూడా లేదు.

శబ్దం గురించి ఒక్క ముక్క. భయం వచ్చేముందు శబ్దం మొత్తం కట్ చేస్తే స్పీకరు పాడైందనుకుంటారు. షూటింగ్ చోట మనుషులెవరూ కదలకుండా 30 సెకన్లు ఖాళీ శబ్దం రికార్డు చేసి అడుగున ఉంచండి, కీచురాళ్ళ చప్పుడొక్కటే రెండు సెకన్ల ముందు ఆపండి. సెకనుకి 24 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. గట్టి శబ్దం బొమ్మకంటే ఒక ఫ్రేము ముందు పడితే ఉలికిపాటు బాగా వస్తుంది, నాలుగైదు ఫ్రేములు ఆలస్యమైతే చప్పగా ఉంటుంది.

బొంకులదిబ్బ:
మీ ఇద్దరూ పనితనం చెప్పారు, బాగుంది. నా అభ్యంతరం వేరు. ఈ పాత్రల్లో రెండు మనవాళ్ళవి.

వాచ్‌మన్‌కి ఉత్తరాంధ్ర యాస, బంగళాకి వచ్చిన కుర్రాళ్ళకి పుస్తకాల తెలుగు. యాస వినగానే నవ్వాలి, లేదా వీడే ముందు చస్తాడని తెలిసిపోవాలి. ఎన్నేళ్ళుగా చూస్తున్నాం? దీన్ని మనమే మన సినిమాల్లో మళ్ళీ చేయడం నాకు బాధగా ఉంది.

అతను అక్కడే ఎందుకున్నాడో రాయండి. జీతమెంత, తాళాలు ఎవరిచ్చారు, ఏ గదికి తాళం లేదు, ఫ్యూజు ఎక్కడుంది. అప్పుడతను చెప్పే హెచ్చరిక కథకి పనికొచ్చే సమాచారమవుతుంది, "ఎళ్ళకండి బావూ" దగ్గర ఆగిపోదు.

ఇక చిల్లంగి ముసలమ్మ. మిగతా పాత్రలన్నీ హాలు దాటితే ఉండవు. ఈమె ఉంటుంది. మన ఏజెన్సీ ఊళ్ళలో వరసగా జ్వరాలొచ్చి ఇద్దరు ముగ్గురు పోతే, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ మీద అనుమానం పెట్టి కొట్టడం, పళ్ళు ఊడగొట్టడం, చంపడం జరిగాయి. పక్కనున్న ఒడిశా దీనికోసమే 2013లో ప్రత్యేక చట్టం చేసుకుంది. ముగ్గు ముందు కూర్చుని బొమ్మకి సూదులు గుచ్చే ముసలమ్మని తెరమీద చూపిస్తే, ఊళ్ళో అనుమానానికి మనం సాక్ష్యం చెప్పినట్టే.

నాగావళి ఒడ్డు:
సాక్ష్యం అనడం పెద్ద మాట. చేతబడి లేకపోతే మన భయం కథల్లో సగం ఉండవు. 2009 'అరుంధతి'లో అఘోరాని చూసి ఎవరూ సాధువుల మీద పడలేదు కదా?

బొంకులదిబ్బ:
ఆ అఘోరా పశుపతి గద్వాల సంస్థానం కథలో దుర్మార్గుడు. బలం, డబ్బు ఉన్నవాడు. వాడిలాంటి మనిషి మీ వీధిలో లేడు. చిల్లంగి ముసలమ్మకి బలగం లేదు, పొలం తగాదాలో అడ్డంగా ఉంది, వీధి చివర గుడిసెలో ఉంటుంది. ఆమెలాంటి మనిషి ప్రతి ఊళ్ళోనూ ఉంది. తేడా అదే.

గిరిజన ఊళ్ళలో పూజారులైన ఎజ్జోడు, దిసారి వంటి వాళ్ళనీ అంతే చేస్తున్నారు. పంటలకి, పండగలకి రోజు చూసి చెప్పే మనిషి చేతిలో పుర్రె పెట్టి తాంత్రికుణ్ణి చేసేస్తున్నారు.

గంటస్తంభం:
అయితే ఆ పాత్ర అసలు రాయకూడదా?

బొంకులదిబ్బ:
రాయొచ్చు, మూడు చోట్ల జాగ్రత్త పడితే. ఒకటి, ఆమె పేరు మొదట ఎవరు అన్నారు? ఆ మనిషికి లాభమేంటో మూడో పేజీలోపే కనపడాలి. రెండు, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మంత్రం చేస్తున్నట్టు ఒక్క షాట్ కూడా ఉండకూడదు. అది పడితే ఊరివాళ్ళది నిజమైపోతుంది, తర్వాత ఎన్ని డైలాగులు రాసినా చెరగదు. మూడు, జనం కాగడాలతో వస్తున్నప్పుడు కెమెరా గుడిసె లోపలుండాలి, ఆమె కళ్ళ ఎత్తులో. జనంతోపాటు నడిచే షాట్ తీస్తే చూసేవాడు వాళ్ళలో ఒకడైపోతాడు. 2023 'విరూపాక్ష' 1979లో ఊరివాళ్ళు ఒక జంటని అనుమానంతో చంపడంతోనే మొదలవుతుంది. నా మటుకు ఆ సినిమాలో ఒళ్ళు జలదరించే చోటు అదే.

పాలకొండ రోడ్డు:
కెమెరా లోపల పెట్టడానికి నేనూ ఒప్పుకుంటాను. కాగడాల వెలుగు తాటాకు సందుల్లోంచి కదులుతూ పడుతుంది, వేరే లైటే అక్కర్లేదు. లెన్సు 35 ఎం.ఎం. దాటించొద్దు, గోడ దగ్గరగా ఉన్నట్టు తెలియాలి. బయట మాటలు స్పష్టంగా వినిపించకూడదు, ఆమె పేరొక్కటే తెలియాలి.

నాగావళి ఒడ్డు:
చిల్లంగి విషయంలో బొంకులదిబ్బ గారి మాటకి ఒప్పుకుంటున్నాను. నవ్వించే స్నేహితుణ్ణి మాత్రం వదలను. నవ్వాక ఒళ్ళు వదులవుతుంది, అప్పుడు తగిలే భయం గట్టిగా తగులుతుంది. 2013 'ప్రేమకథా చిత్రమ్' తర్వాత అందరూ వాడింది ఆ కిటుకే. కాకపోతే నవ్వుకీ భయానికీ మధ్య కనీసం 40 సెకన్లు ఇవ్వండి, భయపడుతున్న మొహం మీద జోకు వేయకండి. వాచ్‌మన్ యాసకి ఏం చేద్దామంటారు? తీసేసి అతనితోనూ పుస్తకాల తెలుగు మాట్లాడిస్తే ఇంకా అన్యాయం.

బొంకులదిబ్బ:
తీయొద్దు. ఇంజనీరుతో కూడా అదే యాస మాట్లాడించండి. అతనిదీ రాజాం అనుకోండి, చీపురుపల్లి అనుకోండి. ఇంటికి ఫోన్ చేసి "నానొచ్చీస్తన్నానమ్మా" అన్నవాడు, వాచ్‌మన్‌తో కూడా అలాగే మాట్లాడాలి. అందరి నోటా ఒకే యాస ఉంటే నవ్వడానికి ఎవరూ మిగలరు, ఎవరు ముందు పోతారో కూడా ముందుగా తెలీదు. డైలాగులు కాగితం మీద రాసిచ్చి చదివించకండి. సంగతి చెప్పి, నటులనే వాళ్ళ ఇంట్లో మాట్లాడే తీరున అనమనండి. తర్వాతే స్క్రిప్టులో రాసుకోండి.