డీఓ రీడింగుల ఫైళ్లు, లైనక్స్ టెర్మినల్: ఎక్కడ మొదలుపెట్టాలి?

చెరువుగట్టు (ఆకివీడు)
నాలుగు రొయ్యల చెరువుల లెక్కలున్న పాత లాప్‌టాప్ అండి. 4 జీబీ ర్యామ్, లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. పొద్దున్నా సాయంత్రం తీసిన రీడింగులు నెలకొక సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుగా ఉన్నాయి. కాలమ్‌లు వరసగా తేదీ, పూట, చెరువు, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్. డీఓ 4 కంటే పడిపోయిన రోజులు ఏరి తీయాలి. ఏ కమాండ్లు ముందు నేర్చుకోవాలి? ఇంకొకటి, అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. అప్పటినుంచి ఏది ఎక్కించబోయినా డీపీకేజీ (సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్రోగ్రామ్) మధ్యలో ఆగిపోయిందని ఎర్రర్. నెట్ ఫోన్ హాట్‌స్పాటే.

నల్లతెర
ముందు ఎర్రర్ సంగతి. ఆ వాక్యం చివరిదాకా చదవండి, కొట్టాల్సిన కమాండ్ అందులోనే ఉంటుంది:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ

(ఇక్కడ తెలుగులో రాస్తున్నాం గానీ, మీరు టైపు చేసేది ఇంగ్లిషు చిన్నక్షరాల్లో. లైనక్స్‌కి చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు.) సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపడం, అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది. అది కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా రాకపోవచ్చు. కీబోర్డు పాడవలేదు, కొట్టి ఎంటర్ నొక్కండి. సగంలో ఆగిన ప్యాకేజీల (సాఫ్ట్‌వేర్ మూటల) అమరిక పూర్తవుతుంది. ఇంకా ఏదైనా విరిగి ఉందంటే:

సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

లాక్ (ఒకేసారి రెండు ప్రోగ్రాములు ఎక్కించకుండా వేసే తాళం) దొరకలేదని వస్తే లాక్ ఫైలు తీసెయ్యమని సలహాలు కనిపిస్తాయి. ఆ పని చేయకండి. చాలాసార్లు వెనకాల అప్‌డేట్ మేనేజర్ నడుస్తూ ఉంటుంది, అది అయ్యాక లాక్ దానంతటదే వదులుతుంది.

ఇకముందు దింపుకోవడం ఒకసారి, ఎక్కించడం ఒకసారి చేయండి. 'సుడో ఆప్ట్ అప్‌డేట్' జాబితాను మాత్రమే తాజా చేస్తుంది. 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ -డి' అంటే ప్యాకేజీలు దింపి ఆగుతుంది, ఎన్ని ఎంబీలో ముందే చెప్పి అడుగుతుంది కూడా. కరెంటు నిలకడగా ఉన్నప్పుడు, బ్యాటరీ నిండుగా పెట్టుకుని, -డి లేకుండా మళ్లీ కొట్టండి. దింపేటప్పుడు కరెంటు పోతే పెద్ద నష్టం లేదు. ఎక్కించేటప్పుడు పోతేనే ఈ తంటా.

గోదారి_బాష్
ఇక కమాండ్లు. పీడబ్ల్యూడీ (ఎక్కడున్నాం), ఎల్‌ఎస్ (ఏమున్నాయి), సీడీ (వేరే ఫోల్డర్‌కి), లెస్ (ఫైలు చదవడం, బయటికి క్యూ). మొదటివారం ఈ నాలుగూ చాలు, ఏవీ దేన్నీ పాడుచేయవు. పేరు రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుంది. చేత్తో పూర్తిగా కొట్టే అలవాటు చేసుకోకండి, తప్పులన్నీ అక్కడే.

ఫైళ్ల పేర్లు డీఓ-2024-06.సీఎస్‌వీ మాదిరి, సంవత్సరం ముందు పెట్టి, ఖాళీలు లేకుండా ఉంచండి. ఎల్‌ఎస్ వాటిని తేదీ వరసలోనే చూపిస్తుంది. పని మొదలుపెట్టేముందు ఫోల్డర్ మొత్తానికి నకలు తీయండి: సీపీ -ఆర్ రీడింగులు రీడింగులు-నకలు. ఆర్‌ఎమ్‌తో తీసేసింది చెత్తబుట్టలోకి పోదు, పోయిందంటే పోయినట్టే. *.సీఎస్‌వీ అనబోయి చుక్కకి ముందు ఒక్క ఖాళీ పడినా ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ పోతాయి, ఎందుకంటే * ఒక్కటే విడిగా నిలబడి 'అన్నీ' అయిపోతుంది. అదే నమూనాని ముందు ఎల్‌ఎస్‌తో చూసుకుని, తర్వాత ఆర్‌ఎమ్ -ఐ వాడండి, ఒక్కో ఫైలుకీ అడిగి తీసేస్తుంది.

మీ అసలు పని ఒక్క లైను, కాలమ్‌ల లెక్కన వరసలు ఏరే ఆక్‌తో:

ఆక్ -ఎఫ్, '$4<4' *.సీఎస్‌వీ

ఇక్కడ ఎఫ్ మాత్రం పెద్దక్షరం. దాని పక్కన కామా అంటే కాలమ్‌లని విడదీసేది కామా అని, $4 అంటే నాలుగో కాలమ్. కోట్‌లు తప్పనిసరి. అవి లేకపోతే < గుర్తుని బాష్ (టెర్మినల్‌లో మన కమాండ్లు చదివి నడిపేది) తనకోసం అనుకుని '4' అనే ఫైలు కోసం వెతికి, లేదంటుంది. వాట్సాప్ నుంచి కాపీ చేస్తే వంకర కోట్‌లు వస్తాయి, వాటిని బాష్ కోట్‌లుగా లెక్కచేయదు. చేత్తో కొట్టండి.

ఫలితం దాచుకోవడానికి చివర > తక్కువ.టీఎక్స్‌టీ. దానికి సీఎస్‌వీ అని పేరు పెట్టకండి, రేపు * దాన్ని కూడా రీడింగులతో కలిపేస్తుంది. ఒక్క > ఉంటే పాతది తుడిచి రాస్తుంది, రెండుంటే కింద చేరుస్తుంది.

చెరువుగట్టు (ఆకివీడు)
డీపీకేజీ దారికొచ్చిందండి. ఆక్ కూడా పనిచేసింది. కానీ మీటరు పాడై రీడింగు తీయని రోజులు కూడా వచ్చేశాయి, డీఓ గడి ఖాళీగా ఉన్నవి. తక్కువ నుంచి ఎక్కువకి పేర్చడం ఎలా?

గోదారి_బాష్
ఖాళీ గడి ఆక్‌కి సున్నా కాదు, అంకె కూడా కాదు. అందుకని అక్షరాల లెక్కన పోలుస్తుంది. ఆ లెక్కలో ఖాళీ అన్నిటికంటే ముందు, కాబట్టి 4 కంటే తక్కువే అవుతుంది. గడి ఖాళీగా ఉండకూడదని షరతు పెంచండి:

ఆక్ -ఎఫ్, '$4!="" && $4<4' *.సీఎస్‌వీ | సార్ట్ -టి, -కె4,4ఎన్

నిలువు గీత మొదటిదాని ఫలితాన్ని రెండోదానికి అందిస్తుంది. చివరి ఎన్ లేకపోతే అక్షరాల వరసలో పేరుస్తుంది. ఇక్కడ అన్నీ 4 లోపే గనక తేడా కనిపించదు గానీ, మొత్తం రీడింగులు పేర్చినప్పుడు 10.2 వెళ్లి 4.1 కంటే ముందు కూర్చుంటుంది. సార్ట్ ఫలితాన్ని > తో అదే ఫైలులోకి పంపొద్దు. సార్ట్ మొదలవకముందే బాష్ ఆ ఫైలుని ఖాళీ చేసేస్తుంది. అదే ఫైలులో రాయాలంటే సార్ట్‌కి -ఓ ఉంది.

నల్లతెర
ఫైళ్లు ఎక్సెల్‌లో చేసినవైతే 'ఫైల్' కమాండ్‌తో ఒకసారి చూడండి. సీఆర్‌ఎల్‌ఎఫ్ అని చూపిస్తే ప్రతి వరస చివరా కనపడని అక్షరం ఒకటి ఉన్నట్టు. అది మీ పీహెచ్ కాలమ్‌కి అంటుకుంటుంది. డీఓకి ఇబ్బంది లేదు గానీ, వరస చివర 7.8 ఉందా అని గ్రెప్‌తో (ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్) వెతికితే దొరకదు. డాస్2యునిక్స్ ఎక్కించి దాంతో శుభ్రం చేసుకోండి.

కోనసీమ_కీబోర్డు
ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టాలనుకుంటే ఒక మాట. లైనక్స్‌కి అభ్యంతరం లేదు, కానీ చాలా టెర్మినళ్లు ఒత్తులూ గుణింతాలూ విడగొట్టి చూపిస్తాయి. యూటీఎఫ్-8లో (కంప్యూటరు అక్షరాలని దాచుకునే పద్ధతి) తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు. 'చెరువు' కంటికి మూడక్షరాలే, గుణింతాల గుర్తులు విడిగా లెక్కకొచ్చి 6 కోడ్‌లు, 18 బైట్లు. ఈఎక్స్‌టీ4లో (లైనక్స్ డిస్కులో ఫైళ్లు పెట్టుకునే అమరిక) పేరుకి హద్దు 255 బైట్లు. అందుకే ఫైలు పేరు ఇంగ్లిషులో, లోపలి రాత తెలుగులో ఉంచుకుంటే హాయి. చెరువు పేరు తెలుగులో ఉన్నా గ్రెప్ వెతికిపెడుతుంది. ఫాంట్లు తక్కువైతే ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ ఉంది.